తల్లి సంతకం చెయ్యాల్సిన చోట

ఊల్కన్ ముసలమ్మ ముందు సీట్లో కూర్చున్నాక డ్రైవరు పాటలు పెట్టడానికి కూడా జంకాడు. నాలుగు గంటల ప్రయాణం. కనుమ ఎక్కి దిగాలి. ఆగస్టు నెలాఖరుకే పైన కొత్త మంచు పడింది. ఆవిడ మాత్రం తెల్ల తలగుడ్డ కదలకుండా, రెండు చేతులూ కోటు చేతుల్లో దోపుకుని, దారిని తనిఖీ చేయడానికి వచ్చిన అధికారిలా ముందుకే చూస్తూ కూర్చుంది. వెనక సీట్లో కోడలు అనార్కుల్, ఆమె పక్కన పెరిజాత్, కాళ్ళ దగ్గర బట్టల మూట. పెరిజాత్ ఒళ్ళో కాగితాల సంచి. ఆ సంచిని పిల్ల ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు తెల్లబడిపోయాయి.

ఈ ముగ్గురి వరసా బయటివాళ్ళకి చెబితే తికమకపడతారు. పెరిజాత్‌ని కన్నది అనార్కుల్. కాని పెరిజాత్ ఆమెను పిలిచేది "వదినా" అని. "అమ్మా" అనేది ముసలమ్మని. కన్నతండ్రి ఎర్మెక్ ఆ పిల్లకి అన్నయ్య. మా కొండల్లో మొదటి కాన్పు బిడ్డ తాతా నాయనమ్మలది. అడిగి తీసుకునేది కాదు, ఇచ్చి దండం పెట్టాల్సింది. పెరిజాత్ పుట్టిన నలభయ్యో రోజున అత్తగారు వచ్చి, పిల్లని తన కోటు అంచులో చుట్టుకుని సందు చివరి తన ఇంటికి తీసుకుపోయింది. ఆ రోజు తల్లి ఏడవకూడదు, ఏడిస్తే బిడ్డకు అరిష్టం అంటారు. అనార్కుల్ ఏడవలేదు. రొమ్ములు రాళ్ళలా గట్టిపడితే పశువులపాకలోకి పోయి పాలు గడ్డిలోకి పిండేసింది. పుట్టినప్పుడు రాయించిన కాగితంలో కూడా తండ్రి చోట మామగారి పేరు, తల్లి చోట అత్తగారి పేరు రాయించారు. అప్పుడు అందరూ అలాగే రాయించేవారు. కాగితం కాలు కరుస్తుందని ఎవరనుకున్నారు?

పదిహేడేళ్ళు. ఒకే ఊరు, ఒకే సందు. పిల్ల గౌను కుట్టించాలన్నా అత్తగారి ఇష్టం, జ్వరం వస్తే పక్కన కూర్చోవాలన్నా అత్తగారి అనుమతి. ఆ తర్వాత అనార్కుల్‌కి ఇద్దరు మగపిల్లలు పుట్టారు, ఐదేళ్ళ కిందట సెజిమ్ పుట్టింది. వాళ్ళు ఆమె పిల్లలే, ఎవరూ అడగలేదు. కాని పెరిజాత్ పాలబిందెతో సందులో పోతుంటే ఆమె చేతిలో పని ఆగిపోయేది. ఆ పిల్లకి తను ఇచ్చింది ఏదైనా ఉందా అని వెతుక్కుంటే ఏమీ దొరికేది కాదు.

ఒకటి దొరికింది. అనార్కుల్ ఊరి బడిలో వంట చేస్తుంది. కిందటి చలికాలం ఉపాధ్యాయుల గదిలో టీ పెడుతూ గోడమీద కాగితం చూసింది. కనుమ అవతల ఆక్-కెచూలో కొన్నేళ్ళ కిందట పెట్టిన కాలేజీ. చదువు, తిండి, వసతి అన్నీ వాళ్ళవే. అరవై సీట్లు. ఆ కాగితం చించి జేబులో పెట్టుకుంది. సాయంత్రాలు రెండిళ్ళ ఆవులూ పితికేటప్పుడు కంచెకి ఇవతల ఆమె, అవతల పెరిజాత్. ఆమె లెక్క చదివేది, పిల్ల జవాబు చెప్పేది. ఏప్రిల్‌లో పరీక్ష అయింది. మేలో ఉత్తరం వచ్చింది. పదకొండు వందల మందిలో పెరిజాత్‌ది నలభై రెండో పేరు.

ఉత్తరంలో చివర ఒక మెలిక ఉంది. పిల్లకి పద్దెనిమిది నిండలేదు కాబట్టి కాగితం ప్రకారం తల్లి గాని తండ్రి గాని స్వయంగా వచ్చి, కాలేజీ చూసి, ఫలానా రోజు సాయంత్రం నాలుగు లోపల సంతకం చెయ్యాలి. చేస్తే పిల్ల ఆ రోజునుంచే అక్కడ. చెయ్యకపోతే సీటు తర్వాతివాళ్ళకి. మామగారు కిందటి చలికాలంలో పోయారు. ఇక మిగిలింది ముసలమ్మ.

ఆవిడ ఒప్పుకోవడం కూడా చిత్రంగానే జరిగింది. ఎవరింట్లోనో విందులో హెడ్మాస్టరు లేచి పెరిజాత్ పేరు చెప్పాడు. ఊరంతా ముసలమ్మకేసి తిరిగి, "నీ పెంపకం, నీ పెంపకం" అన్నారు. ఆవిడ ఉబ్బితబ్బిబ్బై అరచేతులు చాచి దీవెన పలికేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, మర్నాటినుంచి ఆవిడ మొహం మాడిపోయింది గాని మాట వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. సంతకం పెట్టాల్సిన ఆ రోజు ఇదే.

పదకొండున్నరకి ఆక్-కెచూలో దిగారు. బజారు దాటి, వంతెన దాటి, బోడికొండ కింద తెల్లటి భవనాల దగ్గరికి నడిచారు. గేటు దగ్గర ఎర్ర స్వెట్టరు వేసుకున్న ఒక విద్యార్థిని నవ్వుతూ ఎదురొచ్చింది. వచ్చినవాళ్ళకి కాలేజీ చూపించడం తన పనట.

"రండి అమ్మమ్మా! ముందు భోజనాల గది చూద్దామా?"

ముసలమ్మ భోజనాల గదిలో సూపు రుచి చూసి, "ఉప్పు లేదు" అంది. వసతి గదిలో మంచాన్ని అరచేత్తో నొక్కి, "ఇంత మెత్తగా ఉంటే వెన్ను ఏం గాను?" అంది. గదిలో వేడి ఎలా వస్తుందని అడిగింది. గోడకున్న ఇనప గొట్టాలు చూపిస్తే, "పొయ్యి లేని ఇల్లు ఇల్లా?" అంది. అనార్కుల్ ప్రతి మాటకీ లోపల ఉలిక్కిపడుతూ, పైకి నవ్వుతూ వెనకే నడిచింది. ఇవన్నీ గొణుగుళ్ళే, గొణుక్కుంటూనే సంతకం పెట్టేస్తుంది అనుకుంది.

పుస్తకాల గదిలో పెరిజాత్ ఆగిపోయింది. కిటికీ పక్క బల్ల దగ్గర నలుగురు అమ్మాయిలు ఏదో లెక్క మీద వాదులాడుకుంటున్నారు. ఒకమ్మాయి తలెత్తి, "నువ్వు చెప్పు, ఇది ఎలా చేస్తావు?" అని కుర్చీ లాగింది. పెరిజాత్ కూర్చుంది. రెండు నిమిషాల్లో ఆ నలుగురితో కలిసి నవ్వుతోంది. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వగలదని అనార్కుల్‌కి ఆ రోజుదాకా తెలియదు. ఈ నవ్వు తెచ్చింది నేనే అనుకుంది. కిటికీలోంచి కొండని చూస్తున్నట్టు నటించింది.

ముసలమ్మ కూడా ఆ నవ్వు చూసింది. చూసి, ఎర్ర స్వెట్టరు పిల్లని చెయ్యి పట్టి పక్కకి లాగింది.

"అమ్మాయ్, ఇక్కడ చదివిన పిల్లలు ఆ తర్వాత ఎక్కడుంటారు?"

ఆ పిల్ల పాపం, ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు వెలిగిపోయింది. "ఎక్కడెక్కడో ఉన్నారమ్మమ్మా! ఒక అక్క జర్మనీలో, ఒక అన్న కొరియాలో. రాజధానిలో అయితే లెక్కే లేదు. మొదట పాసైన వాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా మళ్ళీ పల్లెకి పోలేదు, తెలుసా!"

అనార్కుల్ కళ్ళు మూసుకుంది. ఊరుకున్నంత ఉత్తమం లేదని ఊరికే అన్నారా! ముసలమ్మ "ఓహో" అంది. అంతే. ఆ తర్వాత ఏ గదిలోనూ ఉప్పు గురించి గాని, మంచం గురించి గాని ఒక్క వంక కూడా పెట్టలేదు. ఆవిడ వంకలు మానేస్తే భయపడాలని కోడలికి పదిహేడేళ్ళ అనుభవం చెప్పింది.

ఆఫీసులో బల్ల వెనక రాఖత్ అనే నడివయసు ఆవిడ కూర్చుంది. కాగితాలన్నీ చక్కగా సర్ది, పెన్ను తీసి, "తల్లి పేరు?" అంది.

అనార్కుల్ చెప్పడానికి లేదు; కోడలు అత్తమామల పేర్లు నోటితో పలకదు. ముసలమ్మ చెప్పలేదు. చివరికి పెరిజాతే, "ఊల్కన్" అంది.

"ఇక్కడ పెట్టండి పెద్దమ్మా." రాఖత్ కాగితం తిప్పి పెన్ను చాచింది.

ముసలమ్మ పెన్నుకేసి చూసింది. "కళ్ళజోడు తేలేదు" అంది.

"నాది పెట్టుకోండి."

పెట్టుకుంది. అటూ ఇటూ చూసింది. "ఇది దూరం చూసే జోడు. దీనితో గొర్రెల్ని లెక్కపెట్టొచ్చు గాని కాగితం చదవలేం."

"చదవక్కర్లేదు పెద్దమ్మా, వేలు పెట్టి చూపిస్తాను."

"చదవకుండా ఎవరైనా సంతకం చేస్తారా? మా ఆయన పోతూ పోతూ చెప్పిన మాట ఇదే." మామగారు పోతూ పోతూ అడిగింది మంచినీళ్ళు మాత్రమేనని అనార్కుల్‌కి తెలుసు. "పైగా కుదుపులకి చెయ్యి తిమ్మిరెక్కింది. బయట గాలికి కాసేపు కూర్చుని వస్తా."

లేచి వెళ్ళిపోయింది. గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

పెరిజాత్ మొహం పాలిపోయింది. "అమ్మ చెయ్యదు వదినా" అంది నెమ్మదిగా. "ఆవు తన్నబోయే ముందు ఎలా చూస్తుందో అలా చూసింది. నాకు తెలుసు."

"చేస్తుంది. చెయ్యి తిమ్మిరట, విన్నావు కదా."

"వదినా, నేనేం చిన్నపిల్లనా?"

అనార్కుల్ ఆ పిల్లని వరండాలో కూర్చోబెట్టి మళ్ళీ లోపలికి వచ్చింది. తలుపు వేసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట అనాలి.

"అక్కా, నేనే దాని తల్లిని" అంది. "కన్నతల్లిని. నేను పెడతాను సంతకం."

రాఖత్ ఆశ్చర్యపోలేదు. పెన్ను మూత పెట్టింది. "తెలుసు చెల్లీ. గుమ్మంలోకి వస్తున్నప్పుడే తెలిసింది. ఆ పిల్ల నడక నీదే. నేనూ మా నాయనమ్మ బిడ్డనే. మా అమ్మని వదినా అంటూనే కాటికి పంపాను." కాగితం మీద వేలు పెట్టింది. "కాని ఇక్కడ రాసి ఉన్న పేరు నీది కాదు. మన ఆచారం మనకి తెలుసు, ఈ కంప్యూటరుకి ఏం తెలుసు?"

"ఊరంతా సాక్ష్యం చెబుతుంది."

"ఊరు చెబితే చాలదు, కోర్టు చెప్పాలి. మూడు నెలలు పడుతుంది. నాలుగు దాటితే నేను ఆ పేరు కొట్టేసి కిందిది పిలవాలి. వాళ్ళు అప్పుడే వచ్చి కూర్చున్నారు కూడా." వరండాకేసి తల ఊపింది. "నన్ను తిట్టుకోకు."

వరండాలో, పెరిజాత్‌కి ఎదురు బల్లమీద, తెల్ల కంబళి టోపీ పెట్టుకున్న ఒకాయన తన కూతురితో కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర పరుపుచుట్టతో సహా సామానంతా ఉంది. అనార్కుల్ బయటికి రాగానే మర్యాదగా లేచి, జేబులోంచి ఎండబెట్టిన పెరుగు ఉండలు తీసి చాచాడు.

"తినమ్మా. పొద్దుననుంచీ ఏమీ తిని ఉండవు."

"వద్దండి."

"మీ పని... అయిపోయిందా?"

"అవుతోంది."

"మంచిది, మంచిది" అన్నాడు. కళ్ళు మాత్రం గడియారం మీదికి పోయాయి. చెడ్డవాడు కాదు. తనూ ఒక ఆడపిల్ల తండ్రి. ఆ కూతురు తల వంచుకుని కూర్చుంది. తనకి కావలసింది ఎదుటిపిల్ల కన్నీళ్ళతోనే దొరుకుతుందని ఆ పిల్లకీ తెలుసు. అనార్కుల్‌కి వాళ్ళమీద కోపం తెచ్చుకోవాలనిపించింది, రాలేదు.

పెరిజాత్ లేచింది. "నేనే పోయి అమ్మ కాళ్ళమీద పడతా."

"కూర్చో. నువ్వడిగితే నీ మీద ప్రేమ కొద్దీ కాదంటుంది. నేనడిగితే నా మీద కోపంతోనైనా నోరు విప్పుతుంది."

"ఒప్పుకోకపోతే ఊరుకో వదినా. నేను అమ్మతోనే వెళ్ళిపోతా. ఆవిడ ఏం చెబితే అది చేస్తా. ఇంక ఎప్పుడూ ఏ పరీక్షా రాయను." ఏడవకుండా చెప్పింది. ఏడ్చినా బాగుండేది. ఆ పిల్ల మాటంటే మాటే, ఆ మొండితనం ఎవరిదో అనార్కుల్‌కి తెలుసు.

ముసలమ్మ పొడుగాటి పోప్లర్ చెట్ల కింద బల్లమీద కూర్చుని నదిని చూస్తోంది. అనార్కుల్ ఎదురుగా వచ్చి నిలబడింది. అత్తగారి ముందు కూర్చోకూడదు, వీపు చూపించకూడదు, గొంతు పెంచకూడదు. అన్నీ గుర్తున్నాయి.

"అత్తయ్యా, చెయ్యి ఎలా ఉంది?"

"ఉంది."

"టైమవుతోంది అత్తయ్యా. రెండు దాటింది."

"అవనీ. నదిని ఎవరాపారు, టైమునెవరాపారు?"

"మీరు నలుగురిలో దీవించారు కదా."

"దీవించాను. బాగా చదువుకోమని దీవించాను. జర్మనీ పొమ్మని దీవించలేదు. ఒక్కరంటే ఒక్కరు తిరిగి రాలేదట, విన్నావుగా. ఎంత సంబరంగా చెప్పింది ఆ ఎర్ర స్వెట్టరు! దాని తల్లి ఎక్కడ కూర్చుని ఏడుస్తోందో."

"మన పిల్ల అలాంటిది కాదు."

"నవ్వింది చూశావా లోపల? నా ఇంట్లో అలా ఎప్పుడైనా నవ్విందా? అక్కడ నవ్వినవాళ్ళు మళ్ళీ నా పాకలో పేడ తియ్యడానికి వస్తారా? నన్ను వెర్రిదాన్ని చెయ్యకు."

అది నిజమేనని అనార్కుల్‌కి తెలుసు. "మా ఇంటికి వచ్చెయ్యండి అత్తయ్యా. మీ గది మీకు. వేడివేడిగా వండిపెడతాను."

"నా పొయ్యి ఆర్పేసి నీ గుమ్మం దగ్గర కూచోనా? మా ఆయన పోయి ఏడాది నిండలేదు, అప్పుడే ఆ ఇంట్లో పొగ ఆగిపోయిందని ఊరు చెప్పుకోవాలా?"

"అయితే నేనే రోజూ వస్తాను. పొద్దున్నే పొయ్యి అంటిస్తా, ఆవు పితుకుతా, రొట్టె కాలుస్తా."

"పొద్దున వస్తావు. సాయంత్రం నీ పిల్లలు నీకోసం ఏడుస్తారు, పోతావు. చీకటి పడ్డాక?" మొదటిసారి ఆవిడ కోడలి మొహంలోకి చూసింది. "ఆయన పోయిన కొత్తల్లో ఒకసారి పెరిజాత్ మీ ఇంట్లో పడుకుంది, గుర్తుందా? ఆ రాత్రి నేను ఆవుని ఇంట్లో కట్టేసుకున్నాను. ఇంట్లో ఊపిరి తీసే ప్రాణి ఒకటి ఉండాలని."

గాలికి చెట్ల ఆకులు గలగలమన్నాయి. దూరంగా ఎక్కడో గంట కొట్టారు. మూడు అయిందని అనార్కుల్ లెక్కపెట్టుకుంది. లెక్కపెట్టుకోగానే లోపల ఏదో తెగింది.

"అది నా కూతురు!" అంది. గొంతు పెరిగింది. పెరగనిచ్చింది. "నేను కన్నాను. నలభై రోజులు పాలిచ్చాను. మీరొచ్చి తీసుకుపోతుంటే మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. పదిహేడేళ్ళు నోరు మూసుకుని వదినా అనిపించుకున్నాను. దానికి నేనిచ్చింది ఇదొక్కటే అత్తయ్యా. ఒక్కటి. ఇది కూడా తీసుకుంటారా?"

ముసలమ్మ కొడుతుందనుకుంది. తిడుతుందనుకుంది. ఆవిడ రెండూ చెయ్యలేదు.

"అయిందా? ఇప్పుడు చెప్పు. నీ మొగుడు నన్నేమని పిలుస్తాడు?"

అనార్కుల్ చూపు నదివైపు తిప్పుకుంది.

"చెప్పు."

"వదినా అని."

"నేను కన్న మొదటి కొడుకు. మా అత్త నలభై రోజులు కూడా ఆగలేదు, వారానికే పట్టుకుపోయింది. వాడు ఆవిడ ఇంట్లోనే పెరిగాడు, ఆ ఇంట్లోనే నిన్ను పెళ్ళాడాడు. ఇవాళ్టికీ నా పొయ్యి దగ్గరికి చుట్టంలా వచ్చి చుట్టంలా పోతాడు. ఆ తర్వాత పుట్టినవాళ్ళిద్దరూ నిలవలేదు. మంచం కోళ్ళు మా ఇంట్లోనూ ఉన్నాయే పిల్లా." తలగుడ్డ అంచు సరిచేసుకుంది. "నన్ను అమ్మా అని పిలిచే నోరు ఈ లోకంలో ఒకే ఒకటి ఉంది. దాన్ని నా చేత్తో నేనే పంపించుకోమంటావు. నా చేత్తోనే!"

అనార్కుల్‌కి ఆవిడమీద ఉన్న కోపమంతా కాళ్ళలోంచి నేలలోకి దిగిపోయినట్టయింది. కోపం ఉన్నంతసేపూ ఒక బలం ఉండింది. ఇప్పుడు అదీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనక్కి చూస్తే కాలేజీ మెట్లమీద పెరిజాత్ నిలబడి ఉంది. రెండు మెట్లు పైన తెల్ల టోపీ ఆయన పరుపుచుట్ట చంకన పెట్టుకుని నిలబడ్డాడు. లోపలికి పోయి గడియారం చూడక్కర్లేదు, ఆయన్ని చూస్తే చాలు.

ఆ తర్వాత తను ఏం చేసిందో అనార్కుల్‌కి చాలా రోజులు సరిగ్గా గుర్తులేదు. మోకాళ్ళమీద కూర్చున్నట్టుంది. ముసలమ్మ కోటు అంచు చేతిలోకి తీసుకున్నట్టుంది.

"సెజిమ్‌ని తీసుకోండి" అంది.

"ఏమన్నావు?"

"చిన్నదాన్ని. మీ ఇంట్లో ఉంటుంది. మీ పక్కన పడుకుంటుంది. దీన్ని వదిలెయ్యండి."

ముసలమ్మ బిత్తరపోయింది. మొదటి బిడ్డని తీసుకోవడం ఆచారం. మరో బిడ్డని మా కొండల్లో ఎవరూ అడగరు, అడిగితే ఊరు ఉమ్మేస్తుంది. తల్లి తనంతట తాను ఇవ్వడమైతే ఎవరూ విననే లేదు.

"నేనడగలేదు" అంది ముసలమ్మ.

"మీరడగలేదు. నేనే ఇస్తున్నా."

"ఎర్మెక్ ఊరుకోడు."

"ఆయన గొర్రెలతో కొండమీద ఉన్నాడు. దిగి వచ్చాక నేను చెప్పుకుంటా."

"అది నాయనమ్మా అని పిలుస్తుంది నన్ను. అయిదేళ్ళ పిల్ల, ఊహ తెలిసింది."

"మానిపిస్తాను."

ముసలమ్మ అడగాల్సింది అడిగింది. "మరి నిన్నేమని పిలవాలి?"

వద్దంటుందేమో, ఛీ కొడుతుందేమో, పిచ్చిదానా అని లేవదీసి ఊరికే సంతకం చేస్తుందేమో అని అనార్కుల్ మనసులో ఒక మూల చిన్న ఆశ ఉండింది. ఆ ప్రశ్నతో అది పోయింది.

"వదినా అని" అంది.

ముసలమ్మ లేచింది. కోడలి చేతిలోంచి కోటు అంచు నెమ్మదిగా విడిపించుకుని, ఆఫీసువైపు నడిచింది. మెట్ల దగ్గర పెరిజాత్ "అమ్మా?" అంటే, "పద, ఆ కాగితం ఎక్కడ?" అంది. బల్ల దగ్గర కోటు లోపలి జేబులోంచి తన కళ్ళజోడే తీసి పెట్టుకుంది. తల్లి సంతకం చెయ్యాల్సిన చోట, వణుకు లేని చేత్తో, ఒక్కో అక్షరమూ విడివిడిగా రాసింది. నాలుగుకి ఇంకా పది నిమిషాలుంది.

"ఇక్కడ సాక్షి సంతకం, ఏమవుతారో కూడా రాయాలి" అంది రాఖత్, అనార్కుల్ కళ్ళలోకి చూడకుండా. అనార్కుల్ పేరు రాసి, పక్కన "వదిన" అని రాసింది.

తెల్ల టోపీ ఆయన పరుపుచుట్ట కింద పెట్టి, మళ్ళీ ఎత్తుకున్నాడు. "మంచి జరగాలి" అన్నాడు పెరిజాత్‌తో. ఆ మాట నిజంగానే అన్నాడు. కూతురి భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగిపోయాడు.

గేటు దగ్గర ముసలమ్మ అరచేతులు చాచి దీవించింది, మా పద్ధతిలో ఆ చేతులతోనే మొహం తడుముకుంది, పిల్ల నుదురు వాసన చూసింది. పెరిజాత్ ఆవిడ మెడ పట్టుకుని, "అమ్మా, అమ్మా, పండగకి వస్తానమ్మా" అని ఏడ్చింది. ముసలమ్మ, "సూపులో ఉప్పు వేసుకో" అని వంతెనవైపు నడవసాగింది. అప్పుడు పిల్ల అనార్కుల్ దగ్గరికి వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఏం చెప్పి ఒప్పించావు వదినా?"

"ఏం లేదు. బతిమాలాను."

"నాకు అమ్మ గురించే దిగులు. ఒక్కతే అయిపోతుంది. చూసుకుంటావుగా?"

"ఒక్కతే అవదు" అంది అనార్కుల్. "లోపలికి పో. వాళ్ళు పిలుస్తున్నారు."

పెరిజాత్ వెళ్ళింది. రెండు అడుగులు నడిచి, ఆ తర్వాత పరిగెత్తింది. అనార్కుల్ ఆ నడక చూసింది, ఆ పరుగు చూసింది. సంతోషం ఉందా అని తనని తాను ప్రశ్నించుకుంది. ఉంది. సంతోషం ఉంది, దాని పక్కనే అయిదేళ్ళ పిల్ల నిలబడి అమ్మా అంటోంది.

వంతెన అవతల, బజారు చివర, ఊళ్ళకి పోయే కార్లు ఆగుతాయి. ఇంకా ఇద్దరు మనుషులు దొరికితే గాని కదలనన్నాడు డ్రైవరు. ముసలమ్మ కూర్చోలేదు. చేతులు కోటు చేతుల్లో దోపుకుని దుకాణాల వెంట నడిచింది, కోడలు రెండడుగులు వెనక. అనార్కుల్ లెక్కలు వేసుకుంటోంది. ఈ వారమేనా? ఎర్మెక్ దిగివచ్చేదాకా ఆగుతుందా? మాట ఇచ్చిన నోటితోనే కొన్నాళ్ళు గడువు అడిగితే? పెద్దావిడ కదా, కోపం తగ్గాక తనే వద్దంటుందేమో. పిల్ల రాత్రిళ్ళు తన జడ పట్టుకుంటే గాని నిద్రపోదని చెబితే?

ముసలమ్మ చెప్పుల దుకాణం ముందు ఆగింది. చలికాలానికి వచ్చిన బూట్లు వరసగా పేర్చి ఉన్నాయి. లోపల ఉన్ని వేసిన చిన్న ఎర్ర బూటు ఒకటి చేతిలోకి తీసుకుంది. లోపల వేళ్ళు పెట్టి వెచ్చదనం చూసింది. అడుగు వంచి చూసింది.

"ఎవరికి పెద్దమ్మా?" అన్నాడు దుకాణం అతను.

"నా చిన్నకూతురికి" అంది ముసలమ్మ. తర్వాత వెనక్కి తిరగకుండానే, మామూలు గొంతుతో, "పిల్లా, దాని పాదం ఎంతుంటుంది?"

రోజూ రాత్రి తన పొట్టమీద చల్లగా ఆనే పాదాలు. అనార్కుల్ చెయ్యి చాచి బొటనవేలూ చూపుడువేలూ విడదీసి చూపించింది. దుకాణం అతను తల ఊపి పెట్టెల వెనక్కి వంగాడు.

"ఇంకొంచెం పెద్దది చూపించు" అంది ముసలమ్మ. "వచ్చే ఏడాదికి కూడా రావాలి."

అనార్కుల్ వేళ్ళు ఇంకొంచెం చాపింది.